నీడకు బెదరని తూనీగలు

జలకీటక పరిశోధనా సంస్థలో డైరెక్టరు గారి రాకను తెలియజేయడానికి గంట గాని, బంట్రోతు కేక గాని అవసరం లేదు. ఆ పని డాక్టర్ కోదండపాణి కుర్చీ చేసేది. డైరెక్టరు విశ్వంభరరావు గారి చెప్పులు వరండా మలుపు తిరగకముందే ఆ చప్పుడు కోదండపాణి చెవుల్లో పడేది. కుర్చీ కిర్రుమనేది. ఆ కిర్రు వినగానే చేతిలో ఏముంటే అది వదిలేసి మిగతా శాస్త్రజ్ఞులు, గుమాస్తాలు అందరూ లేచేవారు. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి సంస్థ సంస్థంతా నిటారుగా నిలబడి ఉండేది.

"కూర్చోండి, కూర్చోండి! ఎందుకివన్నీ?" అని విసుక్కునేవారు విశ్వంభరరావు గారు. విసుక్కుంటూనే, తాను చెప్పకముందే ఎవరైనా కూర్చుని ఉన్నారేమోనని ఓసారి హాలంతా కలయజూసి గదిలోకి వెళ్ళేవారు.

కోదండపాణి ఒంటరివాడు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కిటికీ వైపు తిరిగి తినేవాడు. కీటకాల మనసు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం అతని వృత్తి. తన మనసు ఎందుకలా పనిచేస్తుందో తెలుసుకోవడం అతనికి వేరే వ్యాపకమేమీ లేక పట్టుకున్న అలవాటు. ఇతరులు చెరువును పరిశీలించినంత శ్రద్ధగా తన భయాన్ని పరిశీలించుకునేవాడు. మొదట మెడ వెనక వేడి పుడుతుంది. తర్వాత అరచేతులు తడుస్తాయి. ఆ తర్వాత బుర్రను సంప్రదించకుండానే నోటి నుంచి "ఎస్సార్" అన్న మాట వచ్చేస్తుంది. మనస్తత్వశాస్త్ర గ్రంథాలు చాలా చదివాడు. ఆ భయం ఎక్కడి నుంచి వచ్చిందో అన్నీ చెప్పాయి. కుర్చీలో ఎలా కూర్చోవాలో ఒక్కటీ చెప్పలేదు. చివరకు తనలో ఇద్దరు మనుషులున్నారని తీర్మానించుకున్నాడు. ఒకడు ఆలోచించేవాడు, ఒకడు లేచి నిలబడేవాడు. ఇద్దరికీ మాటల్లేవు.

ఆ ఏడు అతను తూనీగ పిల్లల మీద పనిచేస్తున్నాడు. రెక్కలొచ్చాక అందరికీ ముద్దొచ్చే తూనీగ, అంతకుముందు నెలల తరబడి నీటి అడుగున మట్టిరంగులో, కన్నతల్లికి కూడా ముద్దురాని రూపంలో బతుకుతుంది. దోమ పిల్లల్ని తింటుంది. తనను తినబోయే చేప నీడ మీద పడిందంటే వెనక నుంచి నీళ్ళు చిమ్మి, బాణంలా దూసుకుపోయి బురదలో దాక్కుంటుంది. ఈ విద్యను కోదండపాణి ఎంతో గౌరవించేవాడు. భయపడటంలో అంత నైపుణ్యం అతను మనుషుల్లో ఎక్కడా చూడలేదు.

సంస్థకు ఒక పక్క మాసాయి చెరువు, మరో పక్క చిలకలకుంట ఉన్నాయి. మాసాయి చెరువు మంచినీటి చెరువు. చిలకలకుంటలోకి మాత్రం ఒక ఫ్యాక్టరీ నీళ్ళు వదులుతోంది. అడుగంటని పెనాలకూ తడవని రెయిన్‌కోట్లకూ వేసే పూత అక్కడ తయారవుతుంది. ఆ పూతలోని రసాయనం ఎండకు మాడదు, వానకు కరగదు, దాన్ని తినే సూక్ష్మజీవి ఇంతవరకు పుట్టలేదు. ప్రభుత్వోద్యోగికైనా పదవీ విరమణ ఉంది గాని దానికి లేదు.

రెండు నీళ్ళనూ రెండు తొట్లలో పోసి, తూనీగ పిల్లల్ని వదిలి, కోదండపాణి వాటి మీద అరచేతి నీడ పడేలా చెయ్యి ఊపాడు. మాసాయి తొట్టిలో ఒక్కసారిగా బురద లేచింది. మరుక్షణం అందులో ఏ ప్రాణీ ఉన్నట్టే కనిపించలేదు. చిలకలకుంట తొట్టిలో ఏమీ జరగలేదు. మళ్ళీ ఊపాడు. ఒక తూనీగ పిల్ల ఇటు చూసి, ఏదో గుర్తు చేసుకోబోయి మానుకున్నట్టుగా మళ్ళీ రాయి మీద వాలిపోయింది. చివరకు ఒక చేపపిల్లను తొట్టిలో వేశారు. ఇంత సులువైన భోజనంలో ఏదో మోసం ఉంటుందనుకుని అది కాసేపు వెనకాడింది. ఆ తర్వాత అన్నిటినీ తినేసింది.

"గివేంది సార్, చచ్చేదాంక కూడ ఉలుకు లేదు పలుకు లేదు!" అంది జూనియర్ శాస్త్రజ్ఞురాలు రాజమణి. కోదండపాణి సంస్థలో భయపడకుండా మాట్లాడగలిగింది ఆమె ఒక్కతెతోనే.

"భయం పోయిందమ్మా" అన్నాడు కోదండపాణి. "భయం పోతే ఏమవుతుందో చూశావుగా."

ఎంతో కాలానికి అతనికి ఒక సంతోషం కలిగింది. తనలోని పిరికివాడు రోగి కాడని, ఆరోగ్యవంతుడని ఆ తొట్టి నిరూపించింది.

*

ఈ పరీక్ష నివేదికను సమీక్షా సమావేశంలో పెట్టారు. విశ్వంభరరావు గారు ఏ నివేదికలోనైనా మొదటి పేరా చదివేవారు. మిగతాది క్షేత్రస్థాయి సిబ్బందికి సంబంధించిన వ్యవహారమని ఆయన అభిప్రాయం.

"కోదండపాణి గారూ, చిలకలకుంట కీటకాలు నీడ పడితే ఉలిక్కిపడటం లేదా?"

"లేదు సార్."

"పరుగులు పెట్టడం లేదు?"

"లేదు సార్."

"ఒకదాన్నొకటి కరుచుకోవడం, తోపులాట?"

"తగ్గింది సార్. ఎందుకంటే, ఆకలి కూడా..."

"ఆందోళన చెందడం లేదు. ఆకలి అనడం లేదు. ఉన్నచోటనే ఉంటున్నాయి." విశ్వంభరరావు గారు కళ్ళద్దాలు తీశారు. ఆయన సుదీర్ఘ పరిపాలనానుభవంలో ఇన్ని సుగుణాలు ఒకచోట చేరిన సిబ్బందిని ఎన్నడూ చూడలేదు. "అంటే ఆ కుంటలో సంపూర్ణ ప్రశాంతత నెలకొని ఉందన్నమాట. అంతేగా?"

ఆలోచించే కోదండపాణి దగ్గర దీనికి చక్కటి జవాబుంది. ప్రశాంతత వేరు, స్పృహ లేకపోవడం వేరు అని చెప్పాలి. అతను నోరు తెరిచాడు. మెడ వెనక వేడి పుట్టింది.

"ఎస్సార్" అన్నాడు.

ఆ ఒక్క ముక్కలోంచి ప్రశాంతతా సూచిక పుట్టింది. పై కార్యాలయం వాళ్ళు చాలాకాలంగా చెరువుల నాణ్యతకు ఏదో ఒక కొలమానం కావాలంటున్నారు. నీళ్ళలో రసాయనం ఎంతుందో పరీక్షిస్తే ఖర్చు ఎక్కువ, పైగా వచ్చే ఫలితాలు ఎవరికీ బాగుండవు. నీడ పరీక్షకు ఒక చెయ్యి ఉంటే చాలు. ఇకమీదట కీటకాలు ఎంత నిశ్చలంగా ఉంటే చెరువు అంత ఉత్తమమైనదిగా పరిగణించబడుతుందని ఉత్తర్వు వెలువడింది.

మొదటి విడతలోనే చిలకలకుంటకు ఆదర్శ జలాశయం బిరుదు దక్కింది. ఫ్యాక్టరీ మేనేజరుకు శాలువా కప్పారు. ఆయన మొదట వాళ్ళు జరిమానా వేయడానికి వచ్చారనుకుని గోడ దూకబోయాడట. సంగతి తెలిశాక గోడ దిగొచ్చి, "ఈ ఘనతలో మా కార్మికుల పాత్ర కూడా ఉంది" అని వినయంగా చెప్పాడు.

మాసాయి చెరువుకు ఆఖరి స్థానం వచ్చింది. దాన్ని సమస్యాత్మక చెరువుల జాబితాలో చేర్చారు.

*

ప్రభుత్వం ఒక చెరువును సమస్య అన్నాక దాన్ని ఊరికే వదలదు. గట్టు మీద మైకులు కట్టి వేణుగానం వినిపించారు. ఆ చప్పుడుకు తూనీగ పిల్లలు బురదలో మరింత లోతుకు దిగాయి. గొడుగుల నీడ కీటకాలను రెచ్చగొడుతోందని గట్టు మీద గొడుగులు నిషేధించారు. చేపల కోసం నీళ్ళ మీద నీడ వేస్తూ ఎగిరే లకుముకి పిట్టలను ఎలా ఒప్పించాలో తెలియక, వాటి మీద ఒక అవగాహన సదస్సు నిర్వహించారు. సదస్సుకు అందరూ వచ్చారు, లకుముకి పిట్టలు తప్ప.

కీటకాలకు మానసిక ధైర్యం కల్పించు బాధ్యత సహజంగానే కోదండపాణి మీద పడింది. అతను రోజూ పొద్దున గట్టు మీద స్టూలు వేసుకుని, నీళ్ళ మీదికి వంగి, "భయపడకండి" అని చెప్పాలి. వంగగానే అతని నీడ పడేది. నీడ పడగానే కౌన్సెలింగు తీసుకోవలసిన వాళ్ళందరూ మాయమయ్యేవారు. చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, "శభాష్, అలాగే పారిపోండి" అని కోదండపాణి గుసగుసగా చెప్పేవాడు. అతని జీవితంలో అవి ఎంతో హాయిగా గడిచిన పొద్దుటిపూటలు.

అక్కడే అతనికి బుచ్చిలింగం పరిచయమయ్యాడు. బుచ్చిలింగం మాసాయి చెరువు మత్స్యకారుల సంఘానికి పెద్ద. ఒకరోజు వల భుజాన వేసుకుని వచ్చి స్టూలు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"సారూ, ఒక్క మాట. వల ఇసిరితే నీడ పడ్తదంట, నీడ పడ్తే పురుగులు పరేషాన్ అయితయంట. మీ ఆఫీసోళ్ళు వొద్దన్నరు. మరి నీడ పడకుంట వల ఎట్ల ఇసరాల్నో జర చెప్పుండ్రి, నేర్చుకుంట."

"నీడ పడని వలను రూపొందించడానికి కమిటీ వేశారు" అన్నాడు కోదండపాణి సిగ్గుపడుతూ.

"కమిటీల మా మనిషెవరన్న ఉన్నడా?"

"లేడు. దర్జీ ఒకాయన ఉన్నాడు."

బుచ్చిలింగం పడీపడీ నవ్వాడు. నవ్వీ నవ్వీ హఠాత్తుగా ఆగి, "గా పైపులేంది సారూ?" అన్నాడు.

చిలకలకుంట వైపు నుంచి పొలాలకు అడ్డంగా పెద్ద పైపు పరుచుకుంటూ వస్తోంది. కోదండపాణి దాన్ని అప్పుడే చూశాడు. దాని గురించి ఉత్తర్వు మాత్రం చదివాడు, పేరు ప్రశాంత జల పథకం. మైకులకూ కౌన్సెలింగుకూ లొంగని కీటకాల కోసం, ఆదర్శ జలాశయం నుంచి నీళ్ళు తెచ్చి సమస్యాత్మక చెరువులో కలుపుతారు. వచ్చే వారం పై కార్యాలయం నుంచి కమిషనర్ గారు స్వయంగా వచ్చి వాల్వు తిప్పి ప్రారంభిస్తారని బుచ్చిలింగానికి చెప్పాడు.

"గా నీళ్ళు గినుక మా చెర్ల కలిస్తే చేపలేడుంటయి? గా కుంటల చేప కొన్నోడు లేడు. తిన్నోడు మల్ల రుచెట్లున్నదో చెప్పనీకి రాలే" అన్నాడు బుచ్చిలింగం. ఇప్పుడు నవ్వడం లేదు. "ఊరు ఊరంత గీ చెరువు మీదనే బతుకుతది. మీరు పెద్ద సారు. వొద్దని ఒక్క మాట చెప్పుండ్రి."

చెప్తానని కోదండపాణి మాటిచ్చాడు. గట్టు మీద అతను నిజంగా ధైర్యవంతుడు.

*

డైరెక్టరు గది తలుపు ముందు చాలాసేపు నిలబడి, చెప్పవలసిన వాక్యాన్ని నోట్లో నానబెట్టుకున్నాడు. "సార్, ఆ రసాయనం ఒకసారి చెరువులో చేరితే మన మనవలు కూడా బయటికి తీయలేరు." అందులో తప్పేమీ లేదు. తలుపు తోశాడు.

"రండి రండి, మీ కోసమే చూస్తున్నాను. మీరు చెప్పదలచుకున్నది నాకు తెలుసు" అన్నారు విశ్వంభరరావు గారు.

"తెలుసా సార్?"

"ఈ బృహత్తర కార్యక్రమంలో మీకు సముచిత స్థానం దక్కలేదని బాధపడుతున్నారు. సహజం. ఇందుమూలంగా మిమ్మల్ని ప్రశాంత జల పథకానికి ప్రధాన సమన్వయకర్తగా నియమిస్తున్నాను. సంతోషమే కదా?"

బయటికి వచ్చిన కోదండపాణి ముఖం చూసి రాజమణికి సంగతి అర్థమైంది.

"వొద్దని చెప్పనీకి పోయి పెత్తనం తీస్కొని వొచ్చిండ్రా సార్?"

"వాక్యం సిద్ధంగానే ఉందమ్మా. కానీ ఆయన నా వైపు చూశారు."

"చూస్తే?"

"చూస్తే అంతే."

ఇది జరిగిన మర్నాడే విశ్వంభరరావు గారికి ఇంకో ఆలోచన వచ్చింది. కీటకాలకు ప్రశాంతత బోధించే సంస్థ తానే ఆందోళనగా ఉంటే కమిషనర్ గారు ఏమనుకుంటారు? కనుక, అధికారుల రాకపోకల సందర్భంగా సిబ్బంది ఎటువంటి ఉలికిపాటుకూ లోను కారాదని, ఆసనములయందు యథాతథంగా కొనసాగవలెనని సర్క్యులర్ జారీ అయింది. ఉత్సాహం పట్టలేక సిబ్బంది ప్రశాంతతా సూచికను కూడా లెక్కించి కమిషనర్ గారికి చూపించాలని తీర్మానించారు.

సంస్థలో అభ్యాసం మొదలైంది. ఎవరో వెనక నుంచి స్టీలు పళ్ళెం పడేసేవారు, ఎవరూ తల తిప్పకూడదు. గుమాస్తా ఒకాయన పళ్ళేలకు ఎంత అలవాటుపడ్డాడంటే ఇంట్లో భార్య పిలిచినా పలకడం మానేశాడట. అయితే అందరికీ లోపల ఒక సంగతి తెలుసు. పళ్ళెం వేరు, డైరెక్టరు గారు వేరు. సర్క్యులర్లు చదవడానికి ఉంటాయి, లేచి నిలబడటం బతకడానికి ఉంటుంది. ఆ క్షణం వచ్చినప్పుడు లేవాలో వద్దో ఎవరూ సొంతంగా నిర్ణయించుకోలేదు. ఎప్పటిలాగే కోదండపాణి కుర్చీ కిర్రుమంటే లేద్దాం, లేకపోతే లేదు అని ఊరుకున్నారు.

కోదండపాణి మాత్రం ఆ సర్క్యులర్ చదివినప్పటి నుంచి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. డబ్బా మూత కూడా తీయలేదు.

"ఏం సోంచాయిస్తున్నరు సార్?" అంది రాజమణి.

"విశ్వంభరరావు గారు తాను ఉన్నానని ఎలా తెలుసుకుంటారో తెలుసా? అద్దంలో చూసుకుని కాదు. మనం లేస్తే తెలుసుకుంటారు. రోజూ పొద్దున మనం ఆయన్ని పుట్టిస్తున్నాం. ఒక్కరోజు ఎవరూ లేవకపోతే, ఆ కుంటలో ఏం జరుగుతోందో నేను చెప్పకుండానే ఆయనకు అర్థమవుతుంది."

"ఇంకేంది మరి! లేవకుండ్రి. మీరు లేవకుంటే ఎవరు లేవరు."

"అదేనమ్మా వచ్చిన చిక్కు."

"నా చున్నీతోని కుర్చీకి కట్టెయ్యాల్నా?"

కోదండపాణి ఆ ప్రతిపాదనను శాస్త్రీయంగా పరిశీలించాడు. "లాభం లేదు. కుర్చీతో సహా లేస్తాను" అన్నాడు.

*

కమిషనర్ సుభాషిణి గారు వచ్చిన రోజు ఎండ హాయిగా ఉంది. గట్టు మీద షామియానా వేశారు, వాల్వుకు పూలదండ కట్టారు. అవతల బుచ్చిలింగం, మత్స్యకారుల సంఘం వాళ్ళు పోలీసుల తాడు వెనక నిలబడ్డారు. వాల్వు దగ్గరికి వెళ్ళేముందు కమిషనర్ గారు సంస్థ హాలు గుండా నడిచి, సిబ్బంది ప్రశాంతతను పరిశీలిస్తారు.

హాలులో అందరూ తమ తమ కుర్చీల్లో ఉన్నారు. కోదండపాణి రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుని కూర్చున్నాడు. వరండా మలుపులో చెప్పుల చప్పుడు వినిపించింది.

అందరి కళ్ళూ అతని కుర్చీ మీదే ఉన్నాయి.

లోపల లేచి నిలబడేవాడు బయల్దేరాడు. మెడ వెనక వేడి, అరచేతుల తడి అన్నీ వేళకు వచ్చాయి. కూర్చో, ఊరంతా గట్టు మీద ఉంది, కూర్చో అని ఆలోచించేవాడు అరుస్తున్నాడు. చెప్పులు గుమ్మం దాటాయి. విశ్వంభరరావు గారి నీడ ముందుగా లోపలికి వచ్చి, బల్లల మీదుగా సాగి, కోదండపాణి చేతుల మీద పడింది.

కుర్చీ కిర్రుమనలేదు.

సగం లేచిన గుమాస్తాలు మళ్ళీ కూర్చున్నారు. ఒకాయన పెన్సిలు చెక్కుకోసాగాడు. ఫ్యాను తిరుగుతోంది. విశ్వంభరరావు గారు చిరునవ్వుతో, "కూర్చోండి, కూర్..." అన్నారు. అందరూ కూర్చునే ఉన్నారు. ఆ వాక్యానికి ఎక్కడికి పోవాలో తెలియక ఆయన నోట్లోనే ఉండిపోయింది.

ఆయన దగ్గారు. ఎవరూ తల ఎత్తలేదు. జేబులోంచి తాళాల గుత్తి తీసి కింద పడేశారు. పళ్ళేలకు అలవాటుపడిన హాలు తాళాలను లెక్కచేయలేదు. చివరికి ఆయనే వంగి ఏరుకున్నారు. తన తాళాలు తాను ఏరుకోవడం పదవిలోకి వచ్చాక అదే మొదటిసారి.

"అద్భుతం రావు గారూ!" అన్నారు ఆయన వెనకే వచ్చిన సుభాషిణి గారు మనస్ఫూర్తిగా. "మీరు వచ్చినట్టే లేదు! నూటికి నూరు మార్కులు. అసలు ఇంత ప్రశాంతమైన సంస్థకు డైరెక్టరు ఎందుకా అని నాకు ఇప్పుడే తోస్తోంది. పై వారికి రాస్తాను."

ఆమె గట్టు వైపు కదిలాక విశ్వంభరరావు గారు గదిలోకి వెళ్ళి టీ తెమ్మన్నారు. "తెస్త సార్" అని బంట్రోతు ఎంతో ప్రశాంతంగా చెప్పి, బెంచీ మీద అలాగే కూర్చున్నాడు. అతను సర్క్యులర్‌ను అక్షరాలా పాటించే మనిషి.

కాసేపటికి కోదండపాణికి పిలుపు వచ్చింది. విశ్వంభరరావు గారు కుర్చీలో ముడుచుకుని కూర్చుని ఉన్నారు. ముఖంలో రంగు లేదు.

"కోదండపాణీ, ఆ కుంటలో కీటకాలకు... కళ్ళు కనబడవా?"

"కనబడతాయి సార్."

"మరి నీడ పడితే కదలవేం?"

"నీడను చూస్తాయి సార్. కానీ ఎవరో వచ్చారన్న సంగతి వాటికి పట్టదు."

"చేప వచ్చినా?"

"చేప వచ్చినా."

విశ్వంభరరావు గారు తడారిన పెదాలు నాలుకతో తడుపుకున్నారు. "డైరెక్టరు వచ్చినా?"

"ఎస్సార్" అన్నాడు కోదండపాణి. ఆలోచించేవాడూ లేచి నిలబడేవాడూ కలిసి ఒకే మాట అనడం అతని జీవితంలో అదే మొదటిసారి.

"ఇది రోగమయ్యా!" అన్నారు విశ్వంభరరావు గారు.

"మొదటి పేరా తర్వాత అదే రాశాను సార్."

*

గట్టు మీద సన్నాయి మోగుతోంది. సుభాషిణి గారు వాల్వు మీద చెయ్యి వేశారు. అంతలో విశ్వంభరరావు గారు పంచె కుచ్చెళ్ళు ఎగదోసుకుంటూ పరుగెత్తుకొచ్చి మైకు అందుకున్నారు.

"ఆగండి! సమగ్ర పునఃపరిశీలనానంతరం సంస్థ ఒక మౌలిక సత్యాన్ని నిర్ధారించింది. భయం జీవలక్షణం! పెద్దవారి నీడ పడినా చలించని ప్రాణి వల్ల ప్రకృతికి గాని, ప్రభుత్వానికి గాని ఏ విధమైన ప్రయోజనమూ లేదు. ఈ జాడ్యాన్ని మాసాయి చెరువుకు పాకనివ్వం. దాన్ని పుట్టించిన ఫ్యాక్టరీ కాలువను యుద్ధప్రాతిపదికన మూసివేయిస్తాం!"

సుభాషిణి గారు ఒక్క క్షణం ఆలోచించారు. పూలదండ ఎలాగూ ఉంది, పత్రికలవాళ్ళు ఎలాగూ వచ్చారు. తెరవడానికి వచ్చిన వాల్వును శాశ్వతంగా మూసివేస్తున్నట్టు ప్రకటించి, దాన్నే మరింత గట్టిగా బిగించారు. అందరూ చప్పట్లు కొట్టారు. తాడు అవతల నుంచి బుచ్చిలింగం ఈల వేశాడు.

ఆ వారంలోనే భయభక్తుల సూచిక అమల్లోకి వచ్చింది. మాసాయి చెరువు అందులో ప్రథమ స్థానంలో నిలిచింది. చిలకలకుంట కీటకాలు అధికారుల పట్ల తగిన స్పందన కనబరచడం లేదని, అందుకు బాధ్యులుగా ఫ్యాక్టరీవారికి నోటీసు వెళ్ళింది. కారణం ఏదైతేనేం, కాలువ మాత్రం నిజంగానే మూతపడింది. కుంటలో చేరిన రసాయనం ఇంకా అక్కడే ఉంది, దానికి ఎక్కడికీ పోయే అలవాటు లేదు. దాన్ని ఏం చేయాలో ఇప్పుడు కోదండపాణి, రాజమణి కలిసి పనిచేస్తున్నారు. ఈసారి వాళ్ళ నివేదికలో ఉన్నది ఒకే ఒక్క పేరా. పైపు మీద మత్స్యకారులు వలలు ఆరేసుకుంటున్నారు.

నోటీసు వెళ్ళిన రోజు మధ్యాహ్నం బుచ్చిలింగం గిన్నెడు చేపల పులుసుతో సంస్థకు వచ్చాడు. డబ్బా పట్టుకుని కిటికీ వైపు పోతున్న కోదండపాణిని రాజమణి పట్టుకొచ్చి అందరి మధ్య కూర్చోబెట్టింది. అప్పటికి అతని ధైర్యం గురించి సంస్థలో కథలు పుట్టాయి. ఆ రోజు డైరెక్టరు గారి కళ్ళలోకి సూటిగా చూశాడని ఒకరు, చిరునవ్వు నవ్వాడని ఇంకొకరు. కాలు మీద కాలు వేసుకున్నాడని గుమాస్తా ప్రమాణం చేశాడు.

"ఏమన్నగానీ సారూ, మీది పులి గుండె. అంత పెద్దాయన ముంగట అట్ల కూసునుడంటే మాటలా?" అన్నాడు బుచ్చిలింగం, ముక్కలు వడ్డిస్తూ.

కోదండపాణి పులుసు కలుపుకున్నాడు. అబద్ధం చెప్పడానికి కూడా అతనికి భయమే.

"నిజం చెప్పనా? లేద్దామనే అనుకున్నాను. చివరిక్షణంలో లేవబోయాను కూడా. కాళ్ళు వణికి వణికి చచ్చుబడిపోయాయి. లేవలేకపోయాను" అన్నాడు.

 రాజమణికి నవ్వుతో పొలమారింది. గుమాస్తా ఆమెకు నీళ్ళు అందించాడు. బుచ్చిలింగం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అయ్యో! మరి ఈ పెద్దమనుషులు రేపొద్దున ఇంకో పైపు ఏస్తే మా గతేంది సారూ?"

"మీరేం దిగులు పెట్టుకోకండి" అని కోదండపాణి అతనికి ధైర్యం చెప్పాడు. "అప్పుడు కూడా ఇంతే భయపడతాను."